తోక ఉన్న మిరపకాయ



ఆగస్టు మొదటి వారంలో ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజ్ చేసి జానిమాజ్ మడత పెడుతుంటే ఫోన్ టింగుమంది. మా చిన్నోడి స్కూల్ గ్రూపు. పంద్రా ఆగస్టు ప్రోగ్రాంలో రెండో తరగతి పిల్లలు ‘భిన్నత్వంలో ఏకత్వం’ వేస్తారట. ఎవరికి ఏ వేషమో లిస్టు పెట్టారు. పంజాబీ, మరాఠీ, గుజరాతీ, కేరళ జాలరి, కాశ్మీరీ. ప్రతి పేరు పక్కనా కావలసిన సామాను బ్రాకెట్లో ఉంది. మావాడి పేరు పక్కన ‘ముస్లిం (టోపీ, కుర్తా, గడ్డం)’ అని ఉంది.

వాడికి ఏడేళ్లు.

లిస్టు వాడికి చదివి వినిపించాను. పక్క బెంచీ పిల్లాడు జాలరి అని వినగానే వాడి కళ్లు మెరిశాయి. వల ఉంటుంది, చేప ఉంటుంది. తర్వాత తన వంతు వచ్చింది. కాసేపు ఆలోచించి, “అమ్మీ, ముస్లిం అంటే ఏం వేసుకోవాలి?” అన్నాడు. “టోపీ, కుర్తా” అన్నాను. “అది జుమ్మాకి వేసుకునేదేగా?” అన్నాడు. అవునన్నాను. వాడి మొహం చిన్నబోయింది. “అందరికీ వేషం ఇచ్చారు. నాకు ఇవ్వలేదు.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుస్సా అని చెప్పలేను. ఆ టీచర్ మంచి మనిషి. పిల్లలంటే ప్రేమ. పొద్దున్నే ఫోన్ చేస్తే నవ్వుతూ, “మీకు తేలిక కదా మేడం అని ఇచ్చాను. అన్నీ ఇంట్లోనే ఉంటాయి, ఖర్చు లేదు” అన్నారు. నిజమే, ఖర్చు లేదు. ఏం చెప్పాలో నాకే తెలియలేదు. పంజాబీ పిల్లాడు స్టేజి దిగాక తలపాగా తీసేసి మామూలు పిల్లాడైపోతాడు. మావాడు దిగాక ఏం తీసెయ్యాలి? ఈ మాట ఫోన్లో చెబితే గొడవ పెట్టుకున్నట్టు ఉంటుందని మింగేశాను. “వాడికి ఇంకేదైనా ఇవ్వగలరా మేడం? వేషం వెయ్యాలని ఉంది వాడికి” అని మాత్రం అడిగాను. మూడో తరగతి వాళ్లు ‘మన పంటలు’ వేస్తున్నారు, అందులో ఒకటి రెండు ఖాళీ ఉన్నాయి అన్నారు. వరి, పత్తి, పొగాకు అయిపోయాయట. మిర్చి ఉంది.

ఇంట్లో అందరం పడీ పడీ నవ్వాం. మావారు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. పేట నుంచి రోజూ నలభై కిలోమీటర్లు పోయి వస్తారు. ఆయన ఇంటికి వస్తే ముందు చొక్కా బయట దులిపి, చేతులు కొబ్బరినూనెతో రుద్ది సబ్బుతో కడుక్కున్నాకే పిల్లల్ని ముట్టుకోనిస్తాను. మా అమ్మ పెళ్లికాక ముందు తొడిమలు తీసే కూలికి వెళ్లింది. మిరపకాయ మా ఖాందాన్‌కి కొత్త కాదు.

వేషం అద్దెకు ఇచ్చే షాపులో అడిగించాను. మిరపకాయ డ్రెస్సు ఉంది, రోజుకి 400, అడ్వాన్సు 500. మరక పడితే అడ్వాన్సులో కోత. ఏడేళ్ల పిల్లాడికి మరక పడకుండా ఒక పూట గడుస్తుందా? నాలుగైదేళ్లుగా ఇద్దరు పిల్లలకీ వేషాలు కుట్టిన దాన్ని. అద్దె డ్రెస్సుతో నాకు పడదు కూడా. ఎవరెవరి చెమటో అందులో ఉంటుంది, పిల్లాడి కొలతకి ఒక్కటీ సరిపోదు. ఒకసారి అద్దెకి తెచ్చిన షేర్వాణీ మా పెద్దమ్మాయి క్లాస్‌మేట్ వేసుకుంటే చేతులు మోకాళ్ల దాకా వచ్చాయి. ఆ పిల్లాడు పాపం మౌలానా ఆజాద్. ప్రసంగమంతా చేతులు పైకి లాక్కుంటూనే ఉన్నాడు.

ఆజాద్ వేషం ఇంట్లో చాలా తేలిక. పెద్దవాళ్ల నల్ల కోటు ఒకటి పాతది ఉంటే మెడ దగ్గర కాలరు లోపలికి మడిచి కచ్చా టాకా వేస్తే షేర్వాణీ కాలరు అయిపోతుంది. టోపీకి అట్ట చుట్టి పైన నల్ల గుడ్డ. నవంబర్ 14కి నెహ్రూలు క్లాసుకి పదిమంది వస్తారు. అంతకు మూడు రోజుల ముందే, నవంబర్ 11న, ఆజాద్ పుట్టినరోజు. 1888లో మక్కాలో పుట్టారు. దేశానికి మొదటి విద్యామంత్రి కాబట్టి ఆ రోజుని జాతీయ విద్యా దినంగా చేస్తారు. మీ పిల్లల స్కూల్లో చెప్పి చూడండి. కలాం గారి వేషానికైతే జుట్టు ఒక్కటే పని. పాత ఓఢ్నీ ముక్క తలకి బిగుతుగా టోపీలా కుట్టి, దాని మీద దూదిని పాయలు పాయలుగా టాకాలు వెయ్యాలి, మధ్యలో పాపిడి వదిలి. ఫెవికాల్‌తో అతికిస్తే దూది గడ్డ కడుతుంది. మైదా జిగురు వాడితే చీమలు. సుయీ ధాగానే నయం.

మా పెద్దమ్మాయి మూడేళ్ల కింద బీ అమ్మా అయింది. అలీ సోదరుల తల్లి ఆబాదీ బానో బేగం. ఖిలాఫత్ రోజుల్లో బురఖాలోనే సభలకి వెళ్లి మాట్లాడిన మనిషి, ఖద్దరు కట్టమని చెప్పిన మనిషి. స్వాతంత్ర్య సమరంలో ముస్లింల మీద సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు తెలుగులో రాసిన పుస్తకాలు మా ఇంట్లో రెండు ఉన్నాయి. ఇలాంటి వేషాలకి అవే నాకు దిక్కు. నా పాత బురఖా కత్తిరించి కుట్టాను. అట్టపెట్టెతో రాట్నం. ఖర్చు ఇరవై రూపాయలు కూడా కాలేదు. మరి బురఖా వేషం అమ్మాయికి వేసినదానివి, టోపీ వేషం అబ్బాయికి వద్దంటావేం అని మీరు అడగొచ్చు. నన్ను నేనూ అడిగాను. బీ అమ్మాకి ఒక పేరుంది, ఒక కథ ఉంది, స్టేజి మీద చెప్పడానికి నాలుగు మాటలున్నాయి. లిస్టులో ‘ముస్లిం’కి డైలాగు లేదు. హిందూ, క్రైస్తవ పిల్లల పక్కన నిలబడి చేతులు కలపాలి, అంతే.

ఇంకొక మాట. ఆ లిస్టులో ఉన్న ముస్లిం మా తాతయ్య కూడా కాదు. మా అమ్మ వాళ్లు నూర్‌బాషాలు, దూదేకుల వాళ్లు. మార్టూరు దగ్గర పల్లె. మా తాతయ్య జన్మలో కుర్తా తొడగలేదు. పంచె, తలపాగా, భుజాన దూదేకే విల్లు. పత్తి చేలున్న ప్రతి ఊరూ తిరిగి పరుపులు విప్పి దూది ఏకి మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. మా అమ్మమ్మ చీరే కట్టింది, తెలుగే మాట్లాడింది. ఆమెని నానీమా అని ఎవరూ అనలేదు, అమ్మమ్మే. మా అత్తగారి వైపు వాళ్లు ఉర్దూ మాట్లాడే షేక్‌లు. పెళ్లయిన కొత్తలో నా ఉర్దూకి చాటుగా నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు నవ్వరు, అలవాటు పడ్డారు. ఈ లిస్టు పంపిన స్కూల్‌కి మా తాతయ్య ఫోటో చూపిస్తే ‘రైతు’ అని రాసుకుని ఉండేవాళ్లు.

సరే, మిరపకాయ దగ్గరికి వస్తాను.

మొదట నాకొక పిచ్చి ఆలోచన వచ్చింది. మిర్చి టిక్కీకి వాడిన గోనె సంచి తెమ్మని మావారికి చెప్పాను. దానికి ఎర్ర రంగు వేస్తే గట్టిగా నిలబడుతుంది, పైగా అసలు సిసలు యార్డు సరుకు అని. ఆయన వద్దన్నారు. నేను జిద్దు చేశాను. సంచిని మూడుసార్లు ఉతికి రెండు రోజులు ఎండలో పెట్టి, కొలత చూద్దామని పిల్లాడికి తొడిగాను. రెండు నిమిషాలు. ముందు మెడ గోక్కున్నాడు, తర్వాత ఆ చేత్తోనే కళ్లు రుద్దుకున్నాడు. ఇక ఏడుపు. నేను నీళ్లు పోస్తున్నాను, ఇంకా మండుతోంది. మా అత్తగారు వచ్చి నన్ను ఒక్క తోపు తోసి, మెడకీ చేతులకీ పెరుగు పట్టించి తుడిచారు. కళ్లు మాత్రం చల్లటి నీళ్లతో చాలాసేపు కడిగాం. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలోనూ పాల కొవ్వులోనూ కరుగుతుంది. మావారు రోజూ కొబ్బరినూనె రుద్దుకునేది అందుకే. రోజూ చూస్తూ కూడా నాకు ఆ సమయానికి తోచలేదు. దయచేసి ఎవరూ మిరపకాయల సంచితో పిల్లలకి ఏమీ కుట్టకండి.

రెండో ప్రయత్నం గుడ్డతో. రవికెల లోపల వేసే ఎర్ర అస్తర్ గుడ్డ రెండున్నర మీటర్లు, మీటరు 40 చొప్పున వంద రూపాయలు. ఎలాస్టిక్ పది. ఆకుపచ్చ దారం రీలు పది. మొత్తం 120. మిగతాదంతా ఇంట్లో ఉన్నదే.

గుడ్డని గొట్టంలా కుట్టి, భుజాల దగ్గర రెండు పట్టీలు. గుండ్రంగా నిలబడాలంటే లోపల చుట్టలు కావాలి. వెదురు బద్ద వాడేవాళ్లున్నారు, పిల్లాడు పడితే గుచ్చుకుంటుంది. మా డాబా మీద పాత డిష్ కేబుల్ పడి ఉంది. అది బలే పనికొచ్చింది. వంగుతుంది, విరగదు. గుడ్డకి మూడు చోట్ల షల్వార్‌కి కుట్టినట్టు నేఫా కుట్టి, నాడా ఎక్కించినట్టే కేబుల్ ఎక్కించాను. ఛాతీ దగ్గర వెడల్పు, నడుం దగ్గర కొంచెం తక్కువ, మోకాళ్ల దగ్గర ఇంకా తక్కువ. అద్దంలో చూస్తే అచ్చం మిరపకాయ. మాషా అల్లా అనుకున్నాను. వాడిని నడవమంటే పెంగ్విన్ నడక. గడప దాటబోయి పడ్డాడు. మోకాళ్ల దగ్గర అంత ఇరుకు పెడితే స్టేజి మెట్లు ఎలా ఎక్కుతాడు? మిరపకాయకి కింద మొన ఉంటుంది, పిల్లాడికి కింద రెండు కాళ్లుంటాయి. ఈ లెక్క నేను వేసుకోలేదు.

విప్పి మళ్లీ కుట్టాను. కింద వెడల్పుగా వదిలేశాను. అప్పుడది మిరపకాయలా లేదు, ఎర్ర గంటలా ఉంది. మావారు అన్నం తింటూ చూసి, “తేజ సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఇది తేజ కాదు. 334 కూడా కాదు” అన్నారు. 334 అంటే మన గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన రకం. గుడ్డ ముడతలు పడితే “బాడిగ అని చెప్పుకో, దానికి ముడతలే అందం” అన్నారు. భుజం దగ్గర గుడ్డ రంగు కొంచెం వెలిసి ఉంది. “తాలు కాయ, రేటు సగం” అన్నారు. ఇంట్లో గుమస్తా ఉంటే ఇదీ తకలీఫ్.

తొడిమకి ఆకుపచ్చ కావాలి. గుంటూరులో కాలే మస్తాన్ వలీ దర్గా నుంచి తెచ్చిన ఆకుపచ్చ చాదర్ ముక్క ఒకటి అల్మారాలో ఉంది. దాని మీద చెయ్యి వేశానో లేదో మా అత్తగారు, “అరే, వో తబర్రుక్ హై బహూ, నక్కో!” అన్నారు. నా పాత జాకెట్టు ఒకటి బలి అయింది. ఆ గుడ్డతో తలకి పట్టే టోపీ, అంచున ఐదు ఆకు రెక్కలు, పైన ఫాయిల్ పేపర్ అయిపోయిన గొట్టానికి గుడ్డ చుట్టి వంకరగా కుట్టిన తొడిమ. ముఖానికి ఏమీ లేదు. అత్తగారు ముందే చెప్పారు, “కళ్లూ మూతీ ఏం కుట్టకు. మిరపకాయకి మొహం ఉంటుందా?” అని. వాళ్లకి బొమ్మలకి మొహాలు కుట్టడం అంటే మొదట్నుంచీ ఇష్టం లేదు. ఈసారి ఇద్దరి మాటా ఒక్కటే అయింది.

మొన సంగతి తేల్చింది మా అమ్మమ్మ. కళ్ల డాక్టరుకి చూపించుకుందామని ఆ వారమే వచ్చింది. మంచం మీద కూర్చుని ఈ తిప్పలన్నీ చూసి, “మొన కింద ఎందుకే? వెనక పెట్టు” అంది. ఒక ఎర్ర గుడ్డ ముక్క అడిగి, పొడుగాటి సంచిలా కుట్టించి, నా దగ్గరున్న పాత తలగడ విప్పించింది. ఆమెకి చూపు సరిగా ఆనదు. కానీ దూది చేతికి అందగానే వేళ్లు వాటంతటవే పనిచేశాయి. ఉండలు కట్టిన దూదిని చిటికెడు చిటికెడు తీసి, విదిల్చి, పొరలు పొరలుగా సంచిలోకి కూరింది. “గట్టిగా కూరితే కర్రవుద్ది, వదులుగా కూరితే వేలాడుద్ది” అంటూనే ఉంది. వంపు తిరగడానికి ఒక పక్క కుట్టు లాగి కుచ్చు పట్టించింది. పని అయ్యేసరికి గంట పట్టింది. అచ్చం మిరపకాయ మొనే. వెనక నడుం కింద కుట్టాం. పక్కనుంచి చూస్తే పెద్ద మిరపకాయ వంగి ఉన్నట్టు ఉంది. వెనక నుంచి చూస్తే తోక.

“మీ తాత ఏటా ఇలాంటి తోకలు కుట్టేవాడు” అంది అమ్మమ్మ.

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. వాళ్ల ఊళ్లో పీర్ల పండక్కి పులివేషాలు కట్టేవాళ్లట. ఒంటికి పసుపు పూసి మసితో చారలు గీసి, వెనక తోక. ఆ తోక దూదితో కూరి కుట్టే పని మా తాతయ్యది. కూలి తీసుకునేవాడు కాదు, ఒక్కో తోకకి ఒక కొబ్బరి చిప్ప ఇచ్చేవాళ్లట. పులి కట్టేవాళ్లలో సాయిబులు ఇద్దరు ముగ్గురు, మిగతా అందరూ మాలపల్లె, గొల్లపాలెం కుర్రాళ్లు. మొక్కుకున్న వాళ్ల పిల్లలకి ఆకుపచ్చ చొక్కా వేసి మెడలో దారం కట్టి ఫకీరుని చేసి ఇంటింటికీ పంపేవాళ్లు. మా అమ్మ కూడా ఒక ఏడాది అలా ఫకీరయిందట. జబ్బు చేస్తే మొక్కుకున్నారు. అమ్మకి ఫోన్ చేసి అడిగితే, “అవునే, రెండు జేబుల నిండా బెల్లం వచ్చింది” అంది. నాకు ముప్పై ఆరేళ్లు వచ్చాక తెలిసింది ఈ సంగతి.

జాఫర్ షరీఫ్ అని మన ఏలూరు వైపు మనిషే, దక్కన్ ముసల్మానుల రివాజుల మీద ఒక పుస్తకం రాశాడు. ‘ఖానూనె ఇస్లాం’. హెర్క్‌లాట్స్ అనే మద్రాసు సర్కారు డాక్టరు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1832లో లండన్‌లో అచ్చు వేయించాడు. మొహర్రంలో జనం కట్టే వేషాలకి అందులో పెద్ద జాబితా ఉంది. లైలా ఉంది, మజ్నూ ఉంది, పులి ఉంది. మా తాతయ్య తోకలకి అన్నేళ్ల వెనక తోడు ఉందన్నమాట.

మా తమ్ముడికి ఇదంతా నచ్చదు. వాడు జమాత్‌లో తిరుగుతాడు. పీర్ల పండగ బిద్అత్ అంటాడు. దాని మీద నేను వాడితో వాదించను. మా ఇంట్లో ఇప్పుడు పీర్లు ఎత్తరు, ఆషూరా రోజు రోజా ఉంటాం. కానీ ఆ రోజాల గురించే ఒక హదీసు ఉంది, బుఖారీలోనూ ముస్లింలోనూ. రుబయ్యి బిన్త్ ముఅవ్విజ్ (రజి) చెప్పారు. ఆషూరా రోజు తామూ ఉపవాసం ఉండి పిల్లలతోనూ ఉంచేవాళ్లమని, ఉన్నితో ఆటబొమ్మలు చేసి పెట్టుకునేవాళ్లమని, పిల్లలు ఆకలని ఏడిస్తే ఆ బొమ్మ చేతికిచ్చి ఇఫ్తార్ దాకా ఆడించేవాళ్లమని. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల్లో గుడ్డపేలికలతో చేసిన రెక్కల గుర్రం ఉండేదని అబూ దావూద్‌లో ఉంది. గుర్రానికి రెక్కలేమిటని ప్రవక్త (స) అడిగితే, సులైమాన్ (అలై) గుర్రాలకి రెక్కలుండేవని వినలేదా అన్నారట ఆవిడ. ఆయన పళ్లన్నీ కనిపించేలా నవ్వారట. పిల్లల కోసం కతరన్లు కుట్టే ప్రతిసారీ నాకు ఆ నవ్వు గుర్తొస్తుంది. బొమ్మ వేరు వేషం వేరు అక్కా అంటాడు తమ్ముడు. కావచ్చు. తోక చూసి మాత్రం వాడూ నవ్వాడు. “మిరపకాయకి ఫత్వా అక్కర్లేదులే” అన్నాడు.

వాడి మాట నేను అన్నిసార్లూ కొట్టెయ్యను. మావాడు ఎల్‌కేజీలో ఉన్నప్పుడు కృష్ణాష్టమికి మగపిల్లలంతా కృష్ణుడి వేషంలో రావాలని డైరీలో రాశారు. ప్రతి ముస్లిం తల్లికీ ఈ రోజు ఒకసారి వస్తుంది. పంపితే ఇంట్లో వాళ్లకి బాధ, పంపకపోతే పిల్లాడు ఒక్కడే యూనిఫాంలో మూల నిలబడతాడు. ఏటా ఒక ఫోటో చూస్తుంటాం కదా, బురఖా వేసుకున్న తల్లి చంకలో నెమలి పింఛం పెట్టుకున్న కృష్ణుడు. ఆ ఫోటో చూస్తే నాకు ఖుషీగానే ఉంటుంది. ఆ తల్లి నియ్యత్ మంచిది. కాకపోతే దేశమంతా ఆ ఒక్క ఫోటో కోసమే మన వైపు చూస్తుందేమో అని కొంచెం దిగులు కూడా వేస్తుంది. నేను ఆ ఏడాది మధ్యదారి పట్టాను. టీచర్‌ని అడిగి మావాడికి ఆవుదూడ వేషం వేశాను. తెల్ల బనీను, గోధుమ రంగు మచ్చలు, మెడలో గంట. నా సమస్య తీరింది. పైగా కృష్ణులు ముప్పైమంది ఉంటే దూడ ఒక్కటే. అందరూ దాన్నే మేపారు.

ఇక ఖాళీ అయిన ‘ముస్లిం’ సంగతి. ఆ వేషం మా వీధిలోనే ఉండే పిల్లాడికి ఇచ్చారు. పద్నాలుగో తారీకు సాయంత్రం వాళ్లమ్మ మొహమాటపడుతూ వచ్చింది. “అక్కా, ఏమీ అనుకోకు. మీవాడి టోపీ, కుర్తా ఒక్క పూటకి ఇస్తావా? షాపులో మూడొందలు అడుగుతున్నాడు.”

నేను లోపలికి వెళ్లాను. మా అత్తగారు అన్నీ విన్నారు. “నమాజ్ కీ టోపీ తమాషే కో?” అన్నారు మెల్లగా. గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. నాకూ మనసు కలుక్కుమంది. పొద్దున్న ఇదే కదా నేనూ మింగింది. ఇవ్వకపోతే ఆ పిల్లాడి వేషం ఎలా ఉంటుందో కూడా ఊహించాను. షాపు వాళ్లు ఇచ్చే మెరుపుల టోపీ, నల్ల ఉన్ని గడ్డం, కళ్ల కింద గీసిన కాటుక. స్టేజి మీద అది నిలబడుతుంది, ఊరంతా అదే చూస్తుంది.

కొత్త టోపీ కాకుండా వాడికి బిగుతైపోయిన తెల్ల అల్లిక టోపీ, ఈద్‌కి కుట్టిన లేత నీలం కుర్తా తీశాను. పిల్లాడిని కూడా తీసుకురమ్మన్నాను. వాడు మావాడి కంటే సన్నం. అత్తగారే చేతి కుట్టుతో భుజాలు లోపలికి పట్టారు. ఏమీ మాట్లాడలేదు. కుర్తా ఇస్త్రీ చేసింది కూడా ఆవిడే.

“గడ్డం ఎలాగక్కా? ఊలుతో చెయ్యమంటావా?” అంది వాళ్లమ్మ.

“ఏడేళ్ల పిల్లాడికి గడ్డం ఎందుకమ్మా? మావాడికి ఉందా?” అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆగి మావాడి మొహం వైపు చూసింది. వాడు అప్పుడు నోటి చుట్టూ పాలమీసంతో నిలబడి ఉన్నాడు. ఇద్దరం నవ్వేశాం. “లిస్టులో ఉంది కదా అని...” అంది. “మేడంకి నేను చెప్తాలే” అన్నాను.

పంద్రా ఆగస్టు పొద్దున్నే వాన. స్టేజి మీద టార్పాలిన్ కట్టారు, ఒక మూల నుంచి కారుతోంది. భిన్నత్వంలో ఏకత్వం ముందు అయింది. గడ్డం లేని ముస్లిం లేత నీలం కుర్తాలో శుభ్రంగా, సన్నగా నిలబడ్డాడు. దూరం నుంచి చూస్తే మావాడేననిపించింది. మా అత్తగారు కళ్లజోడు సరిచేసుకుని, “అచ్ఛా దిఖ్‌తా” అన్నారు. ఆ మాట అంటారని నేననుకోలేదు.

తర్వాత పంటలు. వరి కంకి, పత్తికాయ, పొగాకు ఆకు, చివర మిరపకాయ. మావాడికి రెండు లైన్ల డైలాగు రాసి బట్టీ పట్టించాను, గుంటూరు సన్నం గురించి, విదేశాలకి ఎగుమతి గురించి. మైకు దగ్గరికి వెళ్లి అంతా మర్చిపోయాడు. జనం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నా గుండె ఆగిపోయింది. “నేను గుంటూరు మిరపకాయని” అన్నాడు గట్టిగా. మళ్లీ నిశ్శబ్దం. “నేను మండితే నీళ్లు పొయ్యకండి. పెరుగు రాయండి” అన్నాడు. ముందు వరసలో కూర్చున్న రైతులు విరగబడి నవ్వి చప్పట్లు కొట్టారు. దిగేటప్పుడు వెనక్కి తిరిగాడు కదా, తోక కనిపించి పిల్లలు కేకలు పెట్టారు. వాడు దాన్ని చేత్తో పట్టుకుని ఊపుకుంటూ మెట్లు దిగాడు. పులివేషం వాడెప్పుడూ చూడలేదు.

ప్రైజు రాలేదు. పొగాకు ఆకుకి వచ్చింది. ఆ వేషం అద్దెది, బాగుంది కూడా, ఒప్పుకోవాలి. ఇంటికొచ్చి విప్పితే అస్తర్ గుడ్డ రంగు దిగి లోపలి తెల్ల చొక్కా అంతా గులాబీ. చవక ఎర్ర గుడ్డని వాడే ముందు ఒకసారి విడిగా ఉతకాలి. నాకు తెలిసిన విషయమే, గోనె సంచి గొడవలో పడి మర్చిపోయాను.

శ్రావణ శుక్రవారం నాడు టోపీ, కుర్తా తిరిగొచ్చాయి. ఉతికి, మడత పెట్టి, పైన గిన్నెలో పూర్ణాలు. భుజాల కుట్లు విప్పి కూడా ఇచ్చింది. టోపీ మావాడికి ఇంకా బిగుతే. ఆ పిల్లాడికే ఉంచెయ్యనా అని ఒకసారి అనిపించి, వాళ్లు ఏమనుకుంటారో అని ఊరుకున్నాను.

అమ్మమ్మ ఊరికి వెళ్లే ముందు రోజు మిరపకాయ తోక విప్పింది. “దూది ఊరికే పోగొట్టకూడదు” అంటూ మళ్లీ చిటికెడు చిటికెడు విదిల్చి తలగడలోకి కూరుతోంది. మావాడు పక్కనే కూర్చుని వచ్చే ఏడాది తను పత్తికాయ అవుతానని చెబుతున్నాడు.

“దానికి రెండు తలగడలు కావాలి” అంది అమ్మమ్మ. “మీ దాదీది కూడా అడుగు.”